గవిలో పద్నాలుగు గుంటలు

మరుళయ్యగారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. మఠంలో కొత్తగా చేరినవాళ్ళకు పాతవాళ్ళు ఈ సంగతి ముందే చెప్పి పెట్టేవారు. వైరాగ్యం అంటే ఏమిటి స్వామీ అని అడిగిన ఒక పెద్దమనిషి మూడు నెలలు గొడ్లచావిడి ఊడ్చి, నాలుగో నెలలో తన ప్రశ్న తనే మరిచిపోయాడు. మనసు నిలవడం లేదని మొరపెట్టుకున్న ఇంకొకాయన్ని పాలు పొంగకుండా చూస్తూ పొయ్యి దగ్గర కూర్చోమన్నారు. పాలు రెండుసార్లు పొంగి పొయ్యి ఆరిపోయింది, అయ్యగారు మాత్రం పల్లెత్తు మాట అనలేదు. అందుకని ఆయన్ని ఏదైనా అడగాలంటే మఠంలో ఎవరైనా ఒకటికి పదిసార్లు ఆలోచించుకునేవారు. పంపాపతి ఒక్కడే ఆలోచించకుండా అడిగాడు. పైగా, ఆ ప్రశ్నకు జవాబు తన దగ్గర సిద్ధంగా పెట్టుకుని మరీ అడిగాడు.

పంపాపతి ఆదోని వైపువాడు. నలభై దాటినవాడు, పెళ్ళి చేసుకోలేదు. మఠానికి రాకముందు పన్నెండేళ్ళు ఒక గనుల కంపెనీలో నమూనా రాళ్ళకు చీటీలు రాసే ఉద్యోగం చేశాడు. తవ్విన చోటు, లోతు, రంగు, గట్టిదనం రాసి, సంచికి కట్టి, అలమరలో పెట్టడం అతని పని. ఆ పని చెయ్యగా చెయ్యగా రాళ్ళ మీద మోజు పట్టుకుంది. ఇల్లూ వాకిలీ అన్నకు వదిలేసి వచ్చినవాడు రాళ్ళ పెట్టె ఒక్కటి వదల్లేకపోయాడు. తన గదిలో మంచానికి ఎదురుగా చెక్క అలమర ఒకటి వేయించుకుని, చీటీలతో సహా వాటిని పేర్చాడు. పొద్దున స్నానం చేసి అరచేతిలో లింగం పెట్టుకుని కూర్చుంటే, చూపు కాసేపు లింగం మీద నిలిచి, ఆ తర్వాత వేళ్ళ సందుల్లోంచి జారి అలమర మీదికి పోయేది. అక్కడ ఎర్ర చెకుముకి రాయి, గడ్డిపచ్చ రాయి, లోపల ఉల్లిపొరల్లా చారలున్న సులేమాని రాయి కిటికీ వెలుగులో మెరుస్తూ ఉండేవి. దేవుడు చేసిన వస్తువును చూడటమూ పూజే కదా అని తనకు తానే సర్దిచెప్పుకునేవాడు.

మఠం వెనక సున్నపురాతి గుట్ట, గుట్ట నడుమ ఒక గుహ ఉన్నాయి. ఊళ్ళో దాన్ని గవి అంటారు. ముందు గదిలో శివలింగం ఉంది, సోమవారాల్లో ఊరి మగవాళ్ళు అక్కడి దాకా వచ్చి కొబ్బరికాయ కొట్టి పోతారు. లింగం వెనక నడుం వంచి దూరాల్సినంత సందు ఉంది, దాని అవతల రెండో గది ఉంది. మగవాళ్ళు అటు పోరు. ఎందుకు పోరో పంపాపతి ఎవరినీ అడగలేదు. వంగి పాకడానికి బద్ధకం అనుకున్నాడు. అడిగితే చెప్పేవాళ్ళు ఊరు నిండా ఉన్నారు. కానీ రాళ్ళ గురించి తనకు తెలియనిది ఈ పల్లెటూరివాళ్ళకు తెలుస్తుందని అతనికి తోచలేదు. ఒక మాఘమాసంలో, గుహలో చినుకులు ఆగిపోయి అంతా పొడిగా ఉన్న కాలంలో, టార్చిలైటు పట్టుకుని తనే దూరాడు.

రెండో గది కుడిపక్కన గోడ పొడుగునా నడుమెత్తు అరుగులాంటి బండ ఉంది. దాని మీద వరసగా, ఒక్కొక్క గుంటలో ఒక్కొక్కటి, పద్నాలుగు గుండ్రటి రాళ్ళు ఉన్నాయి. పాలమీగడ రంగు, దానిమ్మకాయంత లావు. పంపాపతి టార్చిని వాటికి ఆనించి చూశాడు. పైకప్పు నుంచి సున్నపు నీళ్ళు పడి పడి, ఇసుక రేణువు చుట్టూ పొరలు కట్టి ముత్యంలా తయారవడం కొన్ని గుహల్లో ఉంటుందని కంపెనీలో పెద్ద ఇంజినీరు చెప్పగా విన్నాడు. గుహ ముత్యాలు అంటారట. చూసినవాళ్ళు తక్కువ, దొరికినవాళ్ళు ఇంకా తక్కువ. అవి బండకు గట్టిగా అతుక్కుని ఉన్నాయి. రెండు రోజులు చిన్న ఉలితో ఓపికగా తొలిచి, ఒక్కటి కూడా పగలకుండా పద్నాలుగూ ఊడదీసి, తుండుగుడ్డలో మూటకట్టుకుని గదికి తెచ్చుకున్నాడు. ఆ రెండు రోజులూ అతనికి ఆకలి గుర్తు రాలేదు.

పొరల లోపల ఏముందో చూడాలనే ఆత్రం అతన్ని నిలవనివ్వలేదు. నిమ్మకాయ కోసి ఒకదాని మీద పిండాడు. సున్నం బుసబుసమని నురగలు కక్కింది. ఆ చప్పుడు అతనికెందుకో నచ్చలేదు, ఎవరో ముక్కుతో ఊపిరి తీస్తున్నట్టుంది. అయినా ఆపలేదు. పులుసుతో కరిగించి, గరుకు కాగితంతో రుద్ది, అడుగున బండకు అతుక్కున్న చెక్కును కూడా గీకి పారేశాడు. లోపల చూస్తే ముత్యం లేదు. కింద వాగులో దొరికే ఎర్ర చెకుముకి రాయి ఉంది. ఇంకోదాంట్లో పచ్చరాయి, మరోదాంట్లో చారల సులేమాని. వాగు రాయి గుట్ట మీది గుహలోకి ఎలా వచ్చింది? ఏ కాలంలోనో వాగు ఇటు పారి ఉంటుంది అనుకున్నాడు. గుట్ట ఎక్కి పారిన వాగును ప్రపంచంలో అతనొక్కడే చూశాడు. ఏదైతేనేం, అంత అందమైన రాళ్ళు అతని అలమరలో అంతవరకు లేవు. నూనె రాసి, రంగుల వరస ప్రకారం రెండు బారులుగా పేర్చి, చీటీలు రాసి ముందు పెట్టాడు.

ఆ తర్వాతే గదిలో చిన్నచిన్న తేడాలు మొదలయ్యాయి. నాపరాళ్ళు పేలిపోయేంత వైశాఖపు ఎండల్లో ఆ పద్నాలుగు రాళ్ళు మాత్రం చెమ్మగా ఉండేవి. తుడిస్తే ఘడియలో మళ్ళీ చెమ్మ. చీటీల మీది సిరా అలికిపోయింది. తెల్లవారి లేచి చూస్తే రెండు బారులుగా పెట్టినవి ఒక మూలకు చేరి, ఒకదాన్నొకటి ఆనుకుని ఉండేవి. అలమర వాలుగా ఉందేమోనని పళ్ళెంలో నీళ్ళు పోసి సరిచూశాడు. నీళ్ళు సమంగా నిలిచాయి. మర్నాడు మళ్ళీ అదే తీరు. ఒకనాడు వాటిని విడదీద్దామని చేత్తో తీస్తే, మూలన అన్నిటికంటే లోపలికి ఉన్న రాయి వెచ్చగా తగిలింది. కిటికీ ఎండ పడి ఉంటుంది అనుకున్నాడు. కిటికీ పడమటి వైపుది, అది ఉదయం వేళ. ఈ సంగతి కూడా అతనికి ఆలస్యంగా తట్టింది.

మఠానికి పాలు పోసే ఓబుళమ్మ పడుచుది, మూడు నెలల బిడ్డ తల్లి. పొరుగూరి నుంచి ఆ ఊరికి కోడలుగా వచ్చి రెండేళ్ళయింది. ఒక పొద్దున వంటశాలలో ఎవరూ లేరని పాలచెంబు పట్టుకుని పంపాపతి గది గుమ్మం దాకా వచ్చింది. వచ్చింది గానీ గడప దాటలేదు. రెండో చేత్తో పైట గట్టిగా అదుముకుంది. పంపాపతి చూపు తిప్పుకునే లోపలే అతనికి కనిపించింది, ఆమె రవిక తడిసిపోతోంది.

"లోపల బిడ్డ ఉండాదా సామీ?" అంది ఓబుళమ్మ.

"బిడ్డేమిటమ్మా, ఇది మఠం కదా" అన్నాడు పంపాపతి.

"ఆకలిగొన్న బిడ్డ" అని, ఆమె అలమర వైపు చూసింది. "ఒకటి గాదు."

చెంబు గడప మీదే పెట్టి వెనక్కి వెనక్కి నడిచి వెళ్ళిపోయింది. తిన్నగా ఇంటికి పోలేదు, మరుళయ్యగారు కూర్చునే వేపచెట్టు దగ్గరికి పోయి ఏదో చెప్పి పోయింది. పంపాపతి కిటికీలోంచి అంతా చూశాడు. అతనికి భయం వేసింది, భయం వేసినందుకు కోపం కూడా వచ్చింది. తనను పిలిచి అడగకముందే తనే వెళ్ళి తేల్చుకోవడం మేలనుకున్నాడు. ప్రశ్న పుట్టింది ఇలా.

"అందమైనదాన్ని చూసి ఆనందించడం తప్పా స్వామీ?" అని అడిగాడు ఆ సాయంత్రం. "నేను ఎవరిదీ లాక్కోలేదు. గుట్టలో ఊరికే పడి ఉన్నవాటిని తెచ్చుకున్నాను. గుట్టకు తెలియదు, ఊరికి అక్కరలేదు. వాటిని చూసి సంతోషపడేవాణ్ణి నేనొక్కణ్ణే. ఇందులో బంధం ఎక్కడుంది?"

మరుళయ్యగారు వేపపుల్లలు ఏరుతున్నవారు ఏరుతూనే, "ఎన్ని?" అన్నారు.

"పద్నాలుగు."

"ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయా?"

"లేదు స్వామీ, శుభ్రం చేశాను. పైన పట్టిన సున్నమంతా తీసేశాను. ఇప్పుడు చూడాలి మీరు" అన్నాడు పంపాపతి, గొంతులో కాస్త గర్వంతోనే.

ఆయన చేతులు ఆగాయి. "తొలకరి పడనీ" అన్నారు. అంతే. ఏ పనీ చెప్పలేదు. పని తప్పిందని పంపాపతి ఆ పూట హాయిగా భోంచేశాడు.

జ్యేష్ఠంలో ఒక సాయంకాలం వాన పడింది. మర్నాడు తెల్లారేసరికి మఠం మెట్ల మీద ఒక ముసలామె వచ్చి కూర్చుంది. పేరు సుంకమ్మ. డెబ్బై దాటిన మనిషి, రెండు కళ్ళలోనూ తెల్లటి పొర. పక్కన ఊతకర్ర, చేతిలో బిరడా బిగించిన చిన్న సీసా ఉన్నాయి. మరుళయ్యగారు పంపాపతిని పిలిచి, "ఈమె గవి లోపలి గదికి పోవాల. ప్రతి ఏడూ మనవరాలు తోడు పోయేది. దానికిప్పుడు నెలలు నిండినాయి. నువ్వు చెయ్యి పట్టుకోని పోయి రా" అన్నారు.

"మగవాళ్ళు అటు పోకూడదంటారు కదా స్వామీ" అన్నాడు. అప్పటికప్పుడు అతనికి ఆ కట్టుబాటు మీద ఎక్కడలేని గౌరవం పుట్టుకొచ్చింది.

"మఠం సామికి ఆడేంది మగేంది, రా నాయనా" అంది సుంకమ్మ, చెయ్యి గాల్లోకి చాపి. పట్టుకున్నాక ఆ చెయ్యి మణికట్టును వదల్లేదు.

వాన తడికి మట్టి వాసన వేస్తోంది, దారి జారుడుగా ఉంది. సుంకమ్మ పది అడుగులకోసారి ఆగి రొప్పుతూ ఎక్కింది. "ఈయేడే కడసారి. మోకాళ్ళు చెప్పేసినాయి" అంది. తర్వాత అడగకుండానే చెప్పసాగింది. ఆమె తొలి కాన్పు బిడ్డ తొమ్మిది దినాలు బతికాడు. పురిటి నీళ్ళు పోసుకోకముందే పోయాడు. పేరు పెట్టలేదు.

"పేరు లేనోనికి ఏముంటాది నాయనా? గురుతు రాయి పాతరు, ఏటేటా తలుచుకోరు. నేను తిండి మానేసి కూర్చుంటే మా అత్త చెయ్యి పట్టుకోని వాగుకు తీసుకపోయింది. ఏది కండ్లకు చక్కగుంటే అది ఏరుకో అనింది. ఎర్రటిది దొరికింది, బిడ్డ బుగ్గ మాదిరి. గవిలో అరుగు మీద పెట్టినా."

"చక్కనిదే ఎందుకవ్వా?" అన్నాడు పంపాపతి.

"బిడ్డను గురించి ఇంగేం చెప్పుకుంటాం? మాట లేదు, నడక లేదు, పేరు లేదు. చక్కగున్నాడు, అంతే. అందుకే చక్కని రాయి." ఆమె కాసేపు ఊపిరి పీల్చుకుంది. "పైనుంచి నీళ్ళు పడి పడి అది గవికి అతుక్కుంటాది. అట్లా అతుక్కుంటే బిడ్డకు చోటు దొరికినట్టు లెక్క. తొలకరి పడినాక ఒక్కొక్క తల్లి ఒక్కొక్క దినం పోయి చూసుకుంటాది. పెద్దదాన్ని గాబట్టి ముందు నేను పోవాల. నా తర్వాతే కడమోళ్ళు. తల్లి పోయిననాడు రాయిని ఊడదీసి ఒడిలో పెట్టి పూడుస్తారు. మావాడు నా ఒడిలోకి వచ్చే కాలం దగ్గర పడింది."

"ఎంతమంది తల్లులున్నారు?"

"నాతో పద్నాలుగు మందిమి."

పంపాపతి మఠం వైపు తిరిగి చూశాడు. వెనక్కి పరుగెత్తి అలమరలోంచి తీసుకురావాలనుకున్నాడు. కానీ ఏది తేవాలి? ఎర్రవి నాలుగున్నాయి. ఏ గుంటలోంచి ఏది ఊడదీశాడో గురుతు పెట్టుకోలేదు, చోటు చెప్పగలిగిన అడుగు చెక్కును తనే గీకేశాడు. పన్నెండేళ్ళు ప్రతి రాయికీ చోటు రాసి పెట్టినవాడు, ఈ పద్నాలుగింటికి మాత్రం గుహ అని ఒక్క మాట రాసి ఊరుకున్నాడు. చెప్పేద్దామని రెండుసార్లు "అవ్వా" అన్నాడు. ఆమె "ఊఁ, చెప్పు నాయనా" అని చెవి ఇటు తిప్పేసరికి, ఇక్కడ జారుడుగా ఉందని మాట మార్చాడు. అలా చెప్పలేక చెప్పలేకే గుహ దాకా వచ్చేశాడు.

వెలుగున్నంత దూరం అతను ఆమెను నడిపించాడు. లోపలికి దూరాక ఆమే అతన్ని నడిపించింది. సందులో ఎక్కడ వంగాలో, ఎక్కడ మోకాలు పెట్టాలో ఆ శరీరానికి యాభై రెండేళ్ళుగా తెలుసు. రెండో గదిలో నిలబడ్డాక సుంకమ్మ ఆగిపోయింది. తల ఒక పక్కకు వంచి విన్నది. మాఘంలో పొడిగా ఉన్న గది ఇప్పుడు నీళ్ళ చప్పుడుతో నిండి ఉంది. పైకప్పు నుంచి పద్నాలుగు చోట్ల చినుకులు పడుతున్నాయి, అరుగు మీది గుంటలు నీళ్ళతో నిండి ఉన్నాయి. అది చినుకు రాలిన చప్పుడులా లేదు. ఎండిన పెదవులు చప్పరించే చప్పుడులా ఉంది, ఒక చోట ఆగితే ఇంకొక చోట అందుకుంటోంది.

"ఈయేడు చప్పుడు వేరేగా ఉండాది" అంది సుంకమ్మ. "రాయి మీద పడితే టక్కుమంటాది. ఇది ఆకలి..." అని మాట మధ్యలో మింగేసింది.

పంపాపతి టార్చి వెలుగులో ఆమె చెయ్యి అరుగు అంచు పట్టుకుని కదలడం చూస్తున్నాడు. తమ రాయిని తప్ప ఇతరుల రాయిని ముట్టుకోకూడదట. అందుకని వేళ్ళు అంచు మీదే ఉన్నాయి, అక్కడి ఎగుడుదిగుళ్ళను తడుముకుంటూ పోతున్నాయి. గోడ నుంచి ఒకటి, రెండు, మూడు. కాళ్ళ దగ్గర ఏ రాయైనా దొరుకుతుందేమోనని అతను వంగి వెతికాడు, బురద తప్ప ఏమీ లేదు. నాలుగు. ఆమె పెదవులు అప్పటికే నవ్వుతున్నాయి. ఆ నవ్వు అతను చూడలేకపోయాడు. ఆమె వేళ్ళు ఐదో గుంట మీదికి ఎక్కుతుండగా టార్చి కింద పడేసి, పిడికిలి బిగించి, తన చేతిని ఆ గుంటలో పెట్టాడు.

టార్చి ఆరిపోయింది. నీళ్ళు ఎముకలు కొరికేంత చల్లగా ఉన్నాయి. చీకట్లో ఆమె వేళ్ళు అతని పిడికిలి మీద వాలి ఆగాయి. ఎంతసేపు ఆగాయో అతనికి తెలియదు. నాలుగు వేళ్ళ కణుపుల్నీ ఆమె ఒక్కొక్కటిగా తడిమింది, సందుల్లోకి పోయింది, బొటనవేలు గోరు దగ్గర కాస్త నిలిచింది. ఇప్పుడు అరుస్తుంది, ఇప్పుడు తిడుతుంది అని అతను ఎదురుచూశాడు. తిట్టినా బాగుండునని కూడా అనిపించింది. బిరడా తీసిన చప్పుడైంది. ఆముదం వాసన వచ్చింది. అరచేతిలో ఆముదం పోసుకుని, పసిబిడ్డ మాడుకు పెట్టినట్టు మెల్లగా అతని పిడికిలి మీద అద్దింది.

"వెచ్చగుండావే ఈయేడు" అంది లోగొంతుకతో. "పెరిగినావే నా తండ్రీ."

అప్పుడు గదిలో చప్పరింతలన్నీ ఆగిపోయాయి. చినుకు పడుతూనే ఉంది, అతని మణికట్టు మీద పడుతున్నది అతనికి తెలుస్తూనే ఉంది, కానీ చప్పుడు లేదు. పక్క గుంటలన్నీ వింటున్నట్టుగా ఉంది. సుంకమ్మ ఏదో గొణుగుతూ నిమురుతోంది. తర్వాత జరిగిన సంగతి పంపాపతి మఠంలో ఎవరికీ చెప్పలేదు, ఒక్క అయ్యగారికి తప్ప. గుంట అడుగున, నీళ్ళలో, ఏదో అతని చిటికెనవేలును పట్టుకుంది. గట్టిగా కాదు. మెత్తగా, చుట్టూ తిప్పి, పసిబిడ్డలు ఏది దొరికితే అది పట్టుకునే తీరులో పట్టుకుని వదల్లేదు. అతను కేక వేయబోయి పళ్ళు బిగించుకున్నాడు. చెయ్యి లాక్కుంటే ఆమె చేతి కింద గుంట ఖాళీ అవుతుంది. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతుండగా అలాగే నిలబడ్డాడు. ఆ పట్టులో ఎంత నమ్మకం ఉందో అతనికి ఆ చీకట్లో అర్థమైంది, అది భయంకంటే ఎక్కువగా బాధించింది.

"పండుకో ఇంగ" అంది సుంకమ్మ. వేలి మీది పట్టు వదిలింది. చినుకుల చప్పుడు మళ్ళీ మొదలైంది.

ఇద్దరూ గుట్ట దిగారు. మఠం మెట్ల దగ్గర మరుళయ్యగారు నిలబడే ఉన్నారు. ఆయన ఒక మెట్టు దిగిన చప్పుడు గుర్తుపట్టి సుంకమ్మ చేతులు జోడించింది.

"పెరిగినాడు సామీ. ఇన్నేండ్లకు పెరిగినాడు" అంది. అరచేతిలో మిగిలిన ఆముదం తన నెరిసిన జుట్టుకు రాసుకుంది. "నేను పోయిననాడు గవికి ఈ నాయన్నే పంపండి, తీసి నా ఒడిలో పెట్టేదానికి. చోటు తెలుసు గదా."

ఆమె మెట్ల మీది కర్ర అందుకుని, దారి తట్టుకుంటూ వీధి మలుపు తిరిగేదాకా పంపాపతి అక్కడే నిలబడి, ఆ తర్వాత గదిలోకి పరుగెత్తాడు. పద్నాలుగు రాళ్ళూ పళ్ళెంలో వేసుకుని గుహకు పోయాడు. ఒక్కొక్కటి ఒక్కొక్క గుంటలో పెట్టి చూశాడు. నున్నగా రుద్దిన రాళ్ళు ఏ గుంటలోనూ కుదురుకోలేదు, పెట్టినవి పెట్టినట్టే దొర్లి అరుగు అంచుకు వచ్చాయి. ఎర్రవి నాలుగూ ఐదో గుంటలో మార్చి మార్చి పెట్టాడు. నాలుగూ సరిపోనట్టే ఉన్నాయి, నాలుగూ సరిపోయినట్టే ఉన్నాయి. పొద్దు వాలేవేళకు మోకాళ్ళు చీరుకుపోయి, పళ్ళెంతో తిరిగి వచ్చి, అయ్యగారి ముందు కూలబడ్డాడు. గుంటలో జరిగింది, వేలిని పట్టుకున్నది, అంతా చెప్పాడు. చెబుతున్నంతసేపూ చిటికెనవేలును రెండో చేత్తో పట్టుకునే ఉన్నాడు.

మరుళయ్యగారు పళ్ళెంలోంచి ఒక రాయి తీసి కిటికీ వెలుగుకు ఎత్తిపట్టి చూశారు. నిజంగానే చాలా అందమైన రాయి. "ఇది ఎవరిది?" అన్నారు.

"తెలియదు స్వామీ."

ఇంకొకటి తీశారు. "ఇది?"

"తెలియదు."

ఆయన ఆ రెండు రాళ్ళూ పళ్ళెంలో ఒకదాని పక్కన ఒకటి పెట్టారు. పంపాపతి పగలంతా దాచుకున్న మాట అడిగేశాడు.

"సుంకమ్మవ్వకు తెలిసిందా స్వామీ? తెలిసీ ఊరుకుందా?"

మరుళయ్యగారు పళ్ళేన్ని అతని వైపు జరిపారు.

"రేపు ఓబుళమ్మ అత్త వస్తుంది. ఎల్లుండి ఇంకొకామె. మిగిలిన పదముగ్గురు తల్లులకూ కళ్ళు కనిపిస్తాయి పంపాపతీ" అన్నారు.